చీలమండ వెనకాల తాడు

కుర్చీలో కూర్చుని పాదం నేలకు ఆనించండి. కిందికి వంగి, చీలమండకు బయటివైపు పొడుచుకొచ్చిన ఎముక మీద చూపుడువేలు పెట్టండి. వేలిని మెల్లగా ఎముక వెనక ఉన్న గుంటలోకి జార్చండి. ఇప్పుడు మడమ కదపకుండా పాదం బయటి అంచును, అంటే చిటికెనవేలి వైపును, పైకి లేపండి. వేలి కింద ఏదో బిగుసుకుని పైకి ఉబుకుతుంది. పాదం దించితే మళ్లీ మెత్తబడి లోపలికి పోతుంది. ఈ అధ్యాయం దాని గురించే. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే ఆ తాడును పాఠ్యపుస్తకాలు స్నాయుబంధనం అంటాయి. ఆటగాళ్లు, ఫిజియోలు, డాక్టర్లు టెండన్ అనే అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడతాను.

పరుగెత్తే అలవాటున్న వాళ్లలో కొందరికి సరిగ్గా ఆ గుంటలోనే నొప్పి పడుతుంది. పొద్దున మంచం దిగగానే మొదటి పదడుగులు కుంటిస్తుంది. పరుగు మొదలుపెట్టాక ఒళ్లు వేడెక్కితే సర్దుకున్నట్టే ఉంటుంది. ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నాక మళ్లీ సలపడం మొదలవుతుంది. ఆ మధ్యలో సర్దుకోవడమే మనిషిని మోసం చేస్తుంది. ‘పరుగెత్తితే తగ్గుతోంది కదా’ అనుకుని రోజూ పరుగెత్తుతారు.

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో సముద్రం వెంబడే సాగే గుబెర్ అవెన్యూను ఊళ్లో అందరూ బీచ్ రోడ్డనే అంటారు. సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 7:30 వరకు ఆ రోడ్డు మీదికి బళ్లు రానివ్వరు. 1836లో వెలిగించిన పాత లైట్‌హౌసు, గాంధీ విగ్రహం, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి స్మారకం, ఇవన్నీ దాటుకుంటూ తెల్లవారుజామునే నడిచేవాళ్లు నడుస్తారు, పరుగెత్తేవాళ్లు పరుగెత్తుతారు. ఈ కేంద్రపాలిత ప్రాంతంలోదే అయిన యానాం నుంచి పనుల మీద వచ్చే తెలుగువాళ్లు, నెల్లూరు నుంచీ చెన్నై నుంచీ శనాదివారాలకు వచ్చేవాళ్లు కూడా ఆ గుంపులో ఉంటారు. 2008లో మొదలైన ఆరోవిల్ మారథాన్ దగ్గరపడే కొద్దీ గుంపు పెరుగుతుంది. వాళ్లలో కొందరి చీలమండల మీద నీలం, గులాబీ, నలుపు రంగుల్లో రెండువేళ్ల పైచిలుకు వెడల్పున్న బట్టపట్టీలు అంటించి ఉంటాయి. వాటిని కినిసియాలజీ టేపు అంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ పట్టీ టెండన్‌ను బాగుచేయదు. నొప్పిని కాసేపు తగ్గించగలదు. ఆ కాసేపును మీరు దేనికి వాడుకుంటారన్నదే అసలు వైద్యం.

ఆ గుంటలో ఉన్నది నిజానికి ఒక తాడు కాదు, రెండు. మోకాలికి కాస్త కింద, పిక్కకు బయటివైపు ఫిబులా అనే సన్నటి ఎముక ఉంటుంది. దాని మీద పుట్టిన రెండు కండరాల చివర్లే ఈ తాళ్లు. పొడవుదాన్ని పెరోనియస్ లాంగస్ అనీ, పొట్టిదాన్ని పెరోనియస్ బ్రీవిస్ అనీ అంటారు. ఇవి కాలి వెంట నిటారుగా దిగి, బయటి చీలమండ ఎముక వెనక మలుపు తిరిగి, పాదంలోకి ముందుకు సాగుతాయి. నూతి గిలక మీద చేంతాడు ఎలా మలుపు తిరుగుతుందో ఇదీ అంతే. లాగే దిక్కు ఒకటి, బరువు కదిలే దిక్కు మరొకటి. చేంతాడు ఎప్పుడూ నట్టనడుమ గాల్లో అరగదు, గిలకను ఒరుసుకునే చోటే పోగులు లేస్తుంది. ఈ టెండన్లకు ఎక్కువగా దెబ్బ తగిలేదీ ఆ మలుపు దగ్గరే. తాళ్లు గాడిలోంచి జారిపోకుండా పైన రెటినాక్యులమ్ అనే గట్టి పొర అడ్డంగా కప్పి ఉంటుంది. పొట్టిది ఎముకకు ఆనుకుని ఉంటుంది, పొడవుది దాని వెనక. అందుకే రెండింటి మధ్య నలిగే పొట్టి టెండనే నిలువునా చీలడం ఎక్కువ.

పొట్టిది మలుపు తిరిగాక ఎక్కువ దూరం పోదు. పాదం బయటి అంచు మధ్యలో, చిటికెనవేలి వెనక పొడవాటి ఎముక మొదట్లో ఒక బుడిపె తగులుతుంది. అక్కడ అతుక్కుంటుంది. పొడవుది అంతటితో ఆగదు. పాదం అంచున క్యూబాయిడ్ ఎముక కిందికి మరోసారి మలుపు తిరిగి, అరికాలి లోపల అడ్డంగా దాటి, బొటనవేలి వెనక ఎముక మొదట్లో ముగుస్తుంది. బయటి పిక్కలో పుట్టి బొటనవేలి వైపు చేరే ఈ కండరం ఏం చేస్తుందో ఒక ఫ్రెంచి వైద్యుడు చక్కగా పట్టుకున్నాడు. గియోం డ్యూషెన్, ఫ్రాన్సులో బూలోన్ రేవు పట్టణంలో 1806లో పుట్టాడు. బతికున్న మనుషుల చర్మం మీదుగా ఒక్కో కండరానికీ విద్యుత్తు పంపి, ఏది కదులుతుందో చూసి రాసుకున్నాడు. 1867లో అచ్చయిన ఆయన గ్రంథం శరీర కదలికల శాస్త్రానికి పునాదుల్లో ఒకటి. పొడవు పెరోనియస్ బొటనవేలి మొదలును నేలకు అదిమి పాదం వంపును నిలబెడుతుందని అందులో చూపించాడు. పరుగులో ప్రతి అడుగూ బొటనవేలి మొదలు మీద నెట్టుకుంటూనే నేల వదులుతుంది. కనుక ఈ రెండు కండరాలూ కాలు మడతపడకుండా కాపలా కాయడంతో ఆగవు, ముందుకు నెట్టే పనిలోనూ చెయ్యి వేస్తాయి.

పనికి తగ్గ బరువూ ఉంది. నిదానంగా పరుగెత్తేటప్పుడు కూడా ఒక్కో అడుగుకు పాదం మీద శరీరబరువుకు రెండింతలకు పైగా పడుతుంది. కిలోమీటరుకు రెండు కాళ్లకూ కలిపి వెయ్యి అడుగుల దాకా అవుతాయి. ఇంత బరువును టెండన్ మోయగలదు, దానికి అలవాటైతే. ఎంత దూరం పరుగెత్తారన్నదాని కన్నా కిందటి నెలతో పోలిస్తే ఎంత హఠాత్తుగా పెంచారన్నదే నొప్పి తెస్తుంది.

నేల వాలు కూడా తెస్తుంది. దీన్ని బీచ్ రోడ్డు మీదే అర్థం చేసుకోవచ్చు. వాననీరు నిలవకుండా తారురోడ్లను నడుమ ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు. మీరు రోడ్డుకు ఎడమ అంచున పరుగెత్తుతుంటే ఎడమపాదం పల్లంలో పడుతుంది, దాని బయటి అంచు కిందికి ఒరుగుతుంది. ఆ ఒరుగుడును ఆపాల్సింది పెరోనియల్ కండరాలే. ఒక అడుగులో అది లెక్కలోకి రానంత చిన్న పని. కానీ లైట్‌హౌసు దాటి చివరిదాకా పోయి, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ తమ ఎడమకే జరిగి అవతలి అంచు పట్టుకునేవాళ్లకు పోయేటప్పుడూ ఎడమపాదమే పల్లంలో, వచ్చేటప్పుడూ ఎడమపాదమే పల్లంలో. వెళ్లిన అంచునే వెనక్కి వస్తే బరువు రెండు కాళ్లకూ పంచినట్టవుతుంది. బళ్లు లేని వేళ అయితే ఇంకా మంచి మార్గం ఉంది: రోడ్డు నడిమధ్యన పరుగెత్తడం. వైట్ టౌన్‌లో పరుగెత్తేవాళ్లకు ఆ అదృష్టం రోజూ పొద్దున 7:30 దాకా దొరుకుతుంది. మన ఊళ్లలో చాలామందికి దొరకదు.

ఇసుక సంగతి వేరు. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన రేవు కట్టాక ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుకకు అడ్డుపడి, బీచ్ రోడ్డు ముందున్న తీరమంతా కోసుకుపోయింది. ఏళ్ల తరబడి అక్కడ నల్లరాళ్ల గట్టే మిగిలింది. ఇటీవల జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి లోపల మునిగి ఉండే గట్టు కట్టించాక ఒక పక్క ఇసుక మళ్లీ పేరుకుంది. ఊరివాళ్లకు అది పండగే, పిల్లలకు మరీను. పరుగెత్తేవాళ్లు మాత్రం చూసి దిగాలి. పొడి ఇసుకలో పాదం ప్రతిసారీ ఒక్కో కోణంలో దిగబడుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపు వాలి ఉంటుంది. ఈ తీరాన ఉత్తరానికి పరుగెత్తితే సముద్రం కుడిచేతి వైపు, కనుక కుడిపాదం పల్లంలో ఉంటుంది. రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తే మనిషి మొదటిరోజే ఇసుకలోనూ ఎనిమిది పరుగెత్తితే చీలమండ వెనక తాళ్లకు అది ఎనిమిది కాదు.

అరికాలి వంపు ఎత్తుగా ఉన్నవాళ్లకు, బూటు మడమ బయటివైపు అరిగిపోయినా వదలనివాళ్లకు, ఒక పాదం ముందు మరొకటి ఒకే గీత మీద పడేలా ఇరుకుగా అడుగులు వేసేవాళ్లకు కూడా ఇదే నొప్పి. అన్నిటికన్నా పెద్ద కారణం పాత బెణుకు. ఎప్పుడో కాలు మడతపడి, వాపు తీసేదాకా క్రేప్ బ్యాండేజీ చుట్టి, తగ్గగానే మరిచిపోయిన బెణుకు. వాపు పోయినా కండరాల పాత చురుకు దానంతటది తిరిగిరాదు.

ఇక పట్టీ దగ్గరికి వద్దాం. కెంజో కాసే అనే జపాను కైరోప్రాక్టర్ 1970లలో దీన్ని రూపొందించాడు. అప్పటికి ఆటగాళ్లు వాడుతున్నది సాగని తెల్ల జింక్ ఆక్సైడ్ టేపు. అది కీలును బిగించి కదలికను ఆపుతుంది. కాసేకు కావలసింది కదలికను ఆపనిది. నూలుబట్టలో సాగే దారాలు నేయించి, వెనక అక్రిలిక్ జిగురును అలలు అలలుగా పూయించాడు. పొడవు దిశలో అసలు కొలతకు సగం దాకా అదనంగా సాగుతుంది, అడ్డంగా సాగదు. చెమటను తట్టుకుని రోజుల తరబడి అంటుకుని ఉంటుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెర్రీ వాల్ష్ భుజం మీద నల్లపట్టీతో ఆడి బంగారు పతకం గెలిచాక ప్రపంచమంతా దాని వైపు చూసింది. ఆ తర్వాత ఏ మైదానంలో చూసినా రంగుల పట్టీలే.

దాన్ని అమ్మేవాళ్లు చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి. పట్టీ చర్మాన్ని ముడతలుగా పైకెత్తి కింద రక్తం, లింఫు పారేందుకు చోటిస్తుందన్నారు. ఒక దిక్కుగా అంటిస్తే కండరం చురుకవుతుందనీ, ఎదురుదిక్కుగా అంటిస్తే సడలుతుందనీ అన్నారు. వీటిని పరీక్షకు పెట్టారు. 2014లో బ్రెజిల్‌లో దీర్ఘకాలపు నడుంనొప్పి ఉన్న 148 మందిలో కొందరికి ముడతలు పడేలా లాగి అంటించారు, మిగతావారికి లాగకుండా అంటించారు. నొప్పి తగ్గడంలో తేడా రాలేదు. 2015లో హాంకాంగ్ పరిశోధకులు మరింత తెలివిగా చేశారు. ఇలాంటి పట్టీ గురించి ఎప్పుడూ వినని వాళ్లను ఎంచుకుని, అదొక కొలత పరికరమన్నట్టు నమ్మించి తొడకు అంటించారు. ఏమిటో తెలియనప్పుడు కండరం బలం ఏమాత్రం పెరగలేదు. రంగుల్లో తేడా ఉందన్న మాటకూ ఆధారం లేదు, మీకు నచ్చిన రంగు కొనుక్కోండి.

ఇంతవరకు చదివి పట్టీని చెత్తబుట్టలో వేయాలనిపించవచ్చు. నేను అలా అనను. ముడతల కథ నిలబడకపోయినా, అంటించుకున్న మనిషికి నొప్పి తగ్గడం చాలామందిలో జరుగుతూనే ఉంది. దానికి కారణం టెండన్‌లో లేదు, చర్మంలోనూ వెన్నుపాములోనూ ఉంది.

1965లో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నొప్పికి ద్వార సిద్ధాంతం ప్రతిపాదించారు. స్పర్శను మోసే నాడీతంతువులు లావుగా, వేగంగా ఉంటాయి. నొప్పిని మోసేవి సన్నగా, నిదానంగా ఉంటాయి. రెండూ వెన్నుపాములో ఒకే గడప దగ్గరికి వస్తాయి. స్పర్శ సందేశాలు ఎక్కువగా వస్తే గడప దగ్గర నొప్పి సందేశాలకు దారి తగ్గుతుంది. తలుపుకు మోచెయ్యి తగలగానే మనం అడక్కుండానే అక్కడ రుద్దుకోవడానికి కారణం ఇదే. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ సిద్ధాంతానికి ఎన్నో సవరణలు వచ్చాయి గానీ స్పర్శ నొప్పిని తగ్గిస్తుందన్న మూలం చెక్కుచెదరలేదు. చర్మాన్ని అంటిపెట్టుకుని ప్రతి అడుగుకూ కొద్దిగా లాగే పట్టీ అంటే ఆగకుండా సాగే స్పర్శ అన్నమాట.

అదే 1965లో ఇంగ్లండులో ఫ్రీమన్, ఆయన సహచరులు మరో సంగతి బయటపెట్టారు. కాలు ఒకసారి బెణికినవాళ్లకు అది మళ్లీ మళ్లీ ఎందుకు మడతపడుతుంది? లిగమెంట్లు వదులైనందుకు మాత్రమే కాదని వాళ్లు వాదించారు. బెణుకుతో పాటు కీలులోని స్థితిజ్ఞాన నాడులూ దెబ్బతింటాయి, పాదం గాల్లో ఏ కోణంలో ఉందో మెదడుకు సరిగ్గా అందదు. అందుకే ఊగే పలక మీద ఒంటికాలి మీద నిలబెట్టి సాధన చేయించారు. నేటికీ ఫిజియోథెరపీ గదుల్లో చేయిస్తున్నది అదే. పట్టీ ఈ లోటును కొంత పూడుస్తుందా? 2007లో ఆస్ట్రేలియాలో సాకిన్స్ బృందం చీలమండ నిలకడ లేనివాళ్లకు అసలు టేపు ఒకసారి, ఉత్తుత్తి టేపు ఒకసారి వేసి, ఏదీ వేయకుండా ఒకసారి గెంతించి చూసింది. వాళ్లు వేసింది సాగని టేపే. గెంతడంలో, నిలకడలో తేడా రాలేదు. ఏ టేపు వేసినా మనుషుల ధైర్యం మాత్రం పెరిగింది, కాలు గట్టిగా ఉన్నట్టనిపించింది.

ఆ ధైర్యాన్ని నేను తక్కువగా చూడను. భయంతో పాదాన్ని బిగబట్టి పరుగెత్తే మనిషి అడుగు మారిపోతుంది, బరువు మరో చోట పడుతుంది. ధైర్యం వల్ల పాత అడుగు తిరిగొస్తే అది లాభమే. కానీ మడతపడబోతున్న కాలును ఈ పట్టీ ఆపుతుందనుకుంటే ప్రమాదం. పాదం మడతపడటం దాదాపు సెకనులో పదోవంతులో అయిపోతుంది. సాగే బట్టముక్కకు దాన్ని ఆపే బలం లేదు. సాగని టేపుకే అంతంతమాత్రం: 1962లో అమెరికాలో కొలిచినప్పుడు పదినిమిషాలు గట్టిగా వ్యాయామం చేసేసరికి దాని పట్టు దాదాపు 40 శాతం పోయింది.

అంటించే తీరు చెబుతాను. ముందుగా చర్మం మీద కొబ్బరినూనె, క్రీము, చెమట ఏదీ ఉండకూడదు. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. పుదుచ్చేరి, యానాం, కాకినాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో పట్టీ ఊడిపోవడానికి తొంభైపాళ్లు కారణం ఇక్కడి తొందరే. వెంట్రుకలు దట్టంగా ఉంటే కత్తిరించండి. పట్టీ మూలలు గుండ్రంగా కత్తిరిస్తే మేజోడుకు తగిలి లేవవు. పాదాన్ని పైకి ఎత్తి, కొద్దిగా లోపలివైపు తిప్పి పట్టుకోండి. అప్పుడు టెండన్ సాగి ఉంటుంది. మొదటి పట్టీ కొసను పాదం బయటి అంచున ఆ బుడిపె దగ్గర అసలు లాగకుండా అంటించండి. అక్కడినుంచి చీలమండ ఎముక వెనగ్గా, పిక్క బయటివైపు మీదుగా పైకి, పట్టీని కొద్దిపాటిగా, సాగగలిగినదానిలో పావువంతుకు మించకుండా లాగుతూ వేయండి. పైకొసను మళ్లీ లాగకుండా వదలండి. రెండో పట్టీ పొట్టిది. దాని నడుమను సగం వరకు సాగదీసి, నొప్పి ఉన్నచోట అడ్డంగా వేసి, రెండు కొసలనూ లాగకుండా అద్దండి. ఏ పట్టీనీ సాగదీసి కాలు చుట్టూ పూర్తిగా తిప్పకండి, వాపు వస్తే రక్తప్రసరణకు అడ్డు. చివర అరచేత్తో రుద్దితే వేడికి జిగురు పట్టుకుంటుంది. పరుగుకు కనీసం అరగంట ముందే వేసుకోవాలి.

దిక్కు తప్పిందేమో, శాతం తప్పిందేమో అని బెంగపడకండి. లెక్కకన్నా సౌకర్యం ముఖ్యం. వేసుకుని పదడుగులు నడిచి, ఒంటికాలి మీద మడమ ఎత్తి చూడండి. నొప్పి ముందుకన్నా తగ్గితే మీకు పనిచేసినట్టే. తగ్గకపోతే కాస్త పక్కకు జరిపి మరోసారి వేసి చూడండి, అప్పటికీ తగ్గకపోతే మీకు ఇది అక్కర్లేదు. మూడు నుంచి ఐదు రోజులు ఉంచుకోవచ్చు. దురద, దద్దురు, మంట వస్తే వెంటనే తీసేయండి. తీసేటప్పుడు నూనె రాసి, వెంట్రుకలు వాలిన దిక్కుగా, పట్టీని లాగకుండా చర్మాన్ని నొక్కుతూ మెల్లగా వలవండి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు, చర్మం చిట్లినవాళ్లు, పిక్కలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

పట్టీతో నొప్పి తగ్గింది. ఇప్పుడేం చేస్తారు? చాలామంది ఆ రోజే రెండు కిలోమీటర్లు ఎక్కువ పరుగెత్తుతారు. దానివల్ల ఏమవుతుందో తెలియాలంటే టెండన్ లోపలికి చూడాలి. 1950లలో, 60ల మొదట్లో అగ్రరాజ్యాలు గాలిలో జరిపిన అణుపరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 రెట్టింపుకు చేరువై, నిషేధం తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఆ కాలంలో పెరిగిన మనుషుల కణజాలంలో ఎంత కార్బన్-14 ఉందో కొలిస్తే అది ఏ ఏళ్లలో తయారైందో తెలిసిపోతుంది. డెన్మార్క్‌లో హైనెమీయర్ బృందం 2013లో మడమ వెనక పెద్ద టెండన్‌తో ఇదే చేసింది. దాని నడిమి భాగం పదిహేడేళ్ల వయసు నాటికి తయారైపోయి, ఆపై దాదాపు కొత్తగా పుట్టడం లేదని తేలింది. చర్మం వారాల్లో మారుతుంది, ఎముక ఏళ్లలో మారుతుంది, టెండన్ గర్భం మాత్రం కౌమారంలో వచ్చిందే. చర్మం మీద నాలుగురోజులుండే పట్టీ దాన్ని మార్చగలదని ఎలా అనుకోగలం?

మారేది దాని చుట్టూ ఉన్నది. బరువు మోయించిన టెండన్‌లో మొదటి రోజు, రోజున్నర కొలాజెన్ పోగులు తయారైనవాటికన్నా విరిగేవే ఎక్కువ. ఆ తర్వాత తయారీదే పైచేయి. మధ్యలో విశ్రాంతి ఇస్తే లెక్క లాభంలో తేలుతుంది, ఇవ్వకపోతే నష్టంలో. దెబ్బతిన్న చోటు చుట్టూ ఉన్న మంచి పోగులు, వాటిని లాగే కండరం బలపడి భారం పంచుకుంటాయి. అందుకే పూర్తి విశ్రాంతి కూడా మందు కాదు, అది ఆ మంచి పోగులను కూడా బలహీనపరుస్తుంది. స్వీడన్ వైద్యుడు హోకాన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో మడమ టెండన్ నొప్పి ఉన్న పదిహేనుమంది పరుగు ప్రియులకు బరువుతో మడమలు దించే వ్యాయామం చేయించి అందరినీ తిరిగి పరుగులోకి తెచ్చాక, టెండన్ వైద్యమంతా ఈ దారి పట్టింది.

పెరోనియల్ టెండన్లకు అదే సూత్రం, కాస్త మార్పుతో. మొదటి వారాల్లో పాదం బయటి అంచును గోడకో మంచంకోడుకో ఆనించి, కదలకుండా బయటికి నెట్టి అరనిమిషం నుంచి ముప్పావు నిమిషం పట్టండి, ఐదుసార్లు. నెట్టాక నొప్పి తగ్గడం చాలామందికి అక్కడికక్కడే తెలుస్తుంది. తర్వాత సాగే బ్యాండుతో పాదాన్ని బయటికి తిప్పడం, నిదానంగా. ఆపైన రెండు కాళ్ల మీద నిలబడి మడమలు ఎత్తడం, తర్వాత ఒంటికాలి మీద, చివరికి గెంతడం. ఈ పనుల్లో నొప్పి పదింట మూడుకు మించకుండా, మర్నాటి పొద్దుటికి పాత మట్టానికి వచ్చేస్తుంటే సరైన దారిలో ఉన్నట్టు. పట్టీ ఉపయోగపడాల్సింది ఇక్కడే. అది ఇచ్చిన ఊరటతో వ్యాయామం బరువు పెంచగలిగితే, ఆరు నుంచి పన్నెండు వారాల్లో పట్టీ అవసరమే తీరిపోతుంది.

ఒకటి మాత్రం చేయకండి. మెట్టు అంచున నిలబడి మడమను కిందికి వేలాడదీసి పిక్కను సాగదీయడం బీచ్ రోడ్డు గట్టు మీద రోజూ కనిపిస్తుంది. పాదం అలా పైకి వంగినప్పుడు ఈ టెండన్లు చీలమండ ఎముకకు మరింత గట్టిగా అదుముకుంటాయి. నొప్పి ఉన్నన్నాళ్లు మడమను మెట్టు మట్టానికి కిందికి దించవద్దు. పరుగు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఇసుకను, ఎర్రమట్టి అడవిదారులను చివరికి ఉంచుకోండి.

పట్టీతో పనిలేని నొప్పులూ అక్కడే ఉంటాయి. పాదం అంచు బుడిపెను నొక్కితే ఎముక మీదే ప్రాణం పోయేంత నొప్పి, లేదా చీలమండ ఎముక వెనక అంచున నొప్పి, లేదా నాలుగడుగులు వేయలేకపోవడం: కెనడాలో ఇయన్ స్టీల్ బృందం 1992లో రూపొందించిన ఒట్టావా నియమాల ప్రకారం ఇవి ఎక్స్‌రే తీయించాల్సిన గుర్తులు. బుడిపె దగ్గర విరుపును మొదట వర్ణించిన బ్రిటన్ శస్త్రవైద్యుడు రాబర్ట్ జోన్స్‌కు ఆ విరుపు నాట్యం చేస్తుండగా తనకే జరిగింది, 1902లో ఆ సంగతి రాశాడు. నొప్పి రోజురోజుకూ ముదురుతూ, పడుకున్నా పోకపోతే ఎముకలో సన్నని బీట కావచ్చు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో నొప్పితోనే కామన్వెల్త్ బంగారం గెలిచింది; ఆ నొప్పి వెనక ఎడమపాదంలో అలాంటి బీటే ఉందని బయటపడి, ఆ నెల ప్రపంచ పోటీలకు దూరమైంది. పాదం తిప్పినప్పుడు తాడు ఎముక మీదికి టక్కున ఎక్కి దిగుతున్నట్టుంటే పైపొర చిరిగి ఉండొచ్చు. ఇలాంటప్పుడు బీచ్ రోడ్డు నుంచి నాలుగడుగుల్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికో, 1823 నాటి ఫ్రెంచి వైద్యపాఠశాలను తన మొదలుగా చెప్పుకునే జిప్‌మర్‌కో వెళ్లడమే మేలు. ఎంఆర్‌ఐలో ‘చీలిక’ అని వచ్చినా వెంటనే కంగారుపడనక్కర్లేదు. అయస్కాంత క్షేత్రానికి దాదాపు 55 డిగ్రీల కోణంలో ఉన్న టెండన్ జబ్బు లేకున్నా ఆ చిత్రంలో తెల్లగా మెరుస్తుంది, ఈ తాళ్లు మలుపులో సరిగ్గా ఆ కోణం గుండానే పోతాయి. చిత్రాన్ని, కాలిని రెండింటినీ కలిపి చూసే డాక్టరు కావాలి.

మన దేశంలో అందరికీ చెప్పాల్సిన మరో ముఖ్యమైన మాట ఉంది. విరేచనాలకు, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకు విరివిగా వాడే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు టెండన్లను బలహీనపరచి, అరుదుగా తెంచేస్తాయి కూడా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వాటి పెట్టెల మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. మందుల దుకాణంలో అడిగి కొనేసుకోకుండా, చీలమండ వెనక నొప్పి ఉందనీ, పరుగెత్తే అలవాటు ఉందనీ డాక్టరుకు ముందే చెప్పండి. చాలా జబ్బులకు వాటి బదులు రాయగల మందులున్నాయి.